తులసి వనంలో గంజాయి మొక్క

తెలుగు సామెతలలో గంజాయికి స్థిరమైన చోటొకటి ఉన్నది. చెడ్డవారి నడుమ ఒక మంచివాడు కనిపిస్తే 'గంజాయి వనంలో తులసి మొక్క' అని మెచ్చుకొంటారు. మంచివారి నడుమ ఒక చెడ్డవాడు చేరితే ఆ మాటనే తిరగవేసి 'తులసి వనంలో గంజాయి మొక్క' అని నొచ్చుకొంటారు. రెండు చోట్లా మొక్కలు మనుషులకు మారుపేర్లే తప్ప వృక్షశాస్త్రంతో వాటికి నిమిత్తం లేదు. కాని, ఇటీవలి సంవత్సరాలలో విదేశాలు కొన్నింట ఈ రెండవ మాట అక్షరాలా నిజమై కూర్చున్నది. తులసికి చాలేటంత కుండీలో, గది మూలన, విద్యుద్దీపం వెలుతురులో, గృహస్థు తన చేతులతో గంజాయి మొక్కను పెంచుకొంటున్నాడు. చాటుగా కాదు, చట్టం చూస్తూ ఉండగానే.

ఈ వార్త మన విద్యార్థి లోకానికి తెలియనిది కాదు. చేతిలో ఫోను ఉన్న ప్రతి కుర్రవానికీ అది చేరింది. కాని చేరినది సగమే. 'అక్కడ ఇంట్లోనే పెంచుకోవచ్చునట' అన్న మాట చేరింది. ఏ షరతులపై పెంచుకోవచ్చునో, ఆ షరతులు ఎందుకు పుట్టాయో చేరలేదు. ఆ మిగిలిన సగం చెప్పవలసిన ఉపాధ్యాయుడు సాధారణంగా రెండు దారులలో ఒకటి పట్టుకొంటున్నాడు. గంజాయి పేరు వినగానే మాట మార్చడం ఒకటి. భయపెట్టి ఊరుకోవడం మరొకటి. రెండింటి వల్లా విద్యార్థికి తెలివి కలగడం లేదు. ఆ కుండీలో ఉన్నదేమిటో, దాని చుట్టూ ఉన్న కంచె ఏమిటో నిదానంగా విప్పి చెప్పడమే మేలైన దారి.

ముందుగా ఆయా దేశాల సంగతి చూడవలసి ఉన్నది. ఉరుగ్వే 2013లో చట్టం చేసి ఇంటికి ఆరు మొక్కల వరకు అనుమతించింది. కెనడా 2018 అక్టోబరు 17 నుంచి ఇంటికి నాలుగు మొక్కలన్నది. అదే సంవత్సరం దక్షిణాఫ్రికా రాజ్యాంగ న్యాయస్థానం, వయోజనుడు తన సొంతానికి ఏకాంతంగా పెంచుకొంటే నేరం కాదని తీర్పు చెప్పింది. 2021లో మాల్టా, 2023లో లక్సెంబర్గు, 2024లో జర్మనీ ఈ వరుసలో చేరాయి. ఒకే దేశంలోనైనా అంతటా ఒకే మాట చెల్లుతున్నదనుకోరాదు. కెనడా సమాఖ్య చట్టం నాలుగు మొక్కలకు వీలిచ్చినా, క్విబెక్ రాష్ట్రం ఒక్క మొక్కకూ వీలు లేదన్నది. ఆ నిషేధం చెల్లుతుందని 2023లో ఆ దేశపు సుప్రీంకోర్టు తేల్చింది.

వీటిలో జర్మనీ ఉదాహరణను కొంత దగ్గరగా పరిశీలించడం మంచిది. ఏటేటా తెలుగు విద్యార్థులు అనేకులు పై చదువుల కోసం వెళ్తున్న దేశమది. 2024 ఏప్రిల్ 1న అక్కడ అమలులోకి వచ్చిన చట్టం, ఆ దేశమున నివాసం ఉన్న వయోజనుడు ఒకొక్కరికి మూడేసి మొక్కల చొప్పున ఇంట పెంచుకొనడానికి అనుమతించింది. బయట తిరిగేటప్పుడు 25 గ్రాములు, ఇంట 50 గ్రాముల ఎండు సరుకు ఉంచుకోవచ్చునన్నది. మన కుర్రవాని చెవిన పడిన సగం ఇదే.

పడని సగం ఇంతకంటె పెద్దది. ఆ మొక్క పిల్లల చేతికి అందని చోట ఉండవలెను. అందితే తప్పు పెంచినవానిది. పండించినది అమ్మరాదు. అమ్మడమే కాదు, స్నేహితునికి ఊరికే ఇచ్చినా తప్పే. పద్దెనిమిదేళ్లు నిండనివారి ఎదుట తాగరాదు. బడి గుమ్మానికి నూరు మీటర్ల లోపల కంటికి కనబడేటట్లు తాగరాదు. పాదచారులకు విడిచిన వీధులలో ఉదయం 7 గంటల నుంచి రాత్రి 8 గంటల వరకు తాగరాదు. ఇంట పెంచుకోలేనివారు అయిదు వందల మందికి మించకుండా సంఘంగా చేరి పండించుకోవచ్చును. ఆ సంఘంలోనూ 21 ఏళ్లు నిండినవారికి నెలకు 50 గ్రాములు. నిండనివారికి 30 గ్రాములే. ఆ 30 గ్రాములలోనూ మత్తు పదార్థం నూటికి పదిపాళ్లు మించరాదు. వయసు తక్కువైనకొద్దీ చట్టం చేయి ముడుచుకొంటూ వచ్చిందన్నమాట. అనుమతి ఇచ్చినవారే యువకుని మెదడు విషయంలో ఇంత జంకినారంటే, ఆ జంకులోని అర్థాన్ని అనుమతి కంటె ముందుగా గ్రహించవలసి ఉన్నది.

ఈ నిబంధనలలో ఒక చిత్రమైన చిక్కు కూడా ఉన్నది. మూడు మొక్కలు చక్కగా కాస్తే ఎండిన పువ్వు 50 గ్రాములను సులువుగా దాటిపోతుంది. మొక్కకు చట్టం తెలియదు. దానికి తెలిసినది వెలుతురు, నీరు, ఎరువు మాత్రమే. అధికంగా కాచినదానిని ఇంటివాడు అమ్మడానికీ లేదు, పంచడానికీ లేదు, నాశనం చేయవలసిందే. పండిన పంటను తన చేతనే పారవేయించే సేద్యం లోకంలో అరుదు. ఆ దేశంలో కూడ ఈ చట్టంపై వాదోపవాదాలు ఆగలేదు. యువకులకు చెడు సందేశం పోయిందని వైద్యులలో కొందరు, దొంగవ్యాపారానికి గండి పడిందని మరికొందరు వాదిస్తూనే ఉన్నారు. 2025లో వచ్చిన కొత్త ప్రభుత్వం ఈ చట్టపు ఫలితాలను సమీక్షిస్తామన్నది. కనుక పాశ్చాత్యులు ఏకగ్రీవంగా ఒక నిర్ణయానికి వచ్చినారనుకోవడం పొరపాటు.

ఇక ఆ కుండీ దగ్గరకు వద్దాం. మొదటిసారి ఈ మొక్కను పెంచే జర్మను గృహస్థు చాలామట్టుకు జీవితంలో మరే మొక్కనూ పెంచి ఎరుగనివాడు. అతని అపార్టుమెంటులో పెరడు లేదు. ఉత్తర యూరపు ఎండ ఏడాదిలో సగం కాలం చాలదు. కాబట్టి సూర్యుని స్థానంలో దీపం వస్తుంది. ఆకాశం స్థానంలో లోపల వెండిరంగు పూత పూసిన గుడ్డ డేరా వస్తుంది. గాలికి పంకా వస్తుంది. వాసన పొరుగింటికి పోకుండా బొగ్గు జల్లెడ వస్తుంది. ఈ మొక్కకు రాత్రి పొడవు తెలుస్తుంది. మన చేమంతి శీతకాలపు పొడవైన రాత్రులు వస్తే గాని మొగ్గ తొడగనట్లే, ఇదీ పగలు తగ్గితే గాని పూతకు రాదు. అందుచేత దీపాన్ని మొదట రోజుకు 18 గంటలు వెలిగించి, ఆ తర్వాత 12 గంటలకు తగ్గించి, గదిలోనే గ్రీష్మాన్నీ హేమంతాన్నీ సృష్టిస్తారు. ఋతువులను మీట నొక్కి మార్చే ఈ విద్యకు మూడు నాలుగు నెలల ఓపిక కావలెను. నీరెక్కువైతే వేరు కుళ్లుతుంది. గాలి తేమగిల్లితే పువ్వు లోపల బూజు పడుతుంది. కొత్తవాడు చేసే మొదటి తప్పు అతి ప్రేమ. రోజూ నీరు పోసి, రోజూ ఎరువు వేసి మొక్కను తన చేతులతోనే చంపుతాడు.

ఈ పనిలో ఆనందం లేదనడం అబద్ధం. విత్తు పగిలి రెండాకులు విప్పినప్పుడు కలిగే సంతోషానికి అది వంగ విత్తా, గంజాయి విత్తా అన్న భేదం లేదు. జీవితమంతా అంగడిలో కొనుక్కొని బతికిన నగరవాసికి, తన చేతి కింద ఒక ప్రాణి పెరగడం కొత్త అనుభవం. అయితే ఆ ఆనందం మొక్కను పెంచడంలోనిది, గంజాయిలోనిది కాదు. ఈ తేడా విద్యార్థికి తెలియాలి. బడి తోటలో బెండపాదు పెట్టిన పిల్లవానికి అదే ఆనందం, మత్తూ జైలూ లేకుండా, కూరతో సహా దక్కుతుంది.

పెంపకంలో అతి సున్నితమైన ఘట్టం మరొకటి ఉన్నది. తాటిచెట్లలో పోతుతాడూ పెంటితాడూ వేరయినట్లే గంజాయిలోనూ మగ మొక్క వేరు, ఆడ మొక్క వేరు. మత్తునిచ్చే జిగురు ప్రధానంగా ఆడ పూగుత్తులలోని సన్నని నూగులో పుడుతుంది. మగపువ్వు పుప్పొడి తగిలితే ఆడపువ్వు విత్తు కడుతుంది. విత్తు కట్టినకొద్దీ జిగురు తగ్గుతుంది. అందుచేత మగ మొక్కను ముందే గుర్తించి పెరికివేయడం ఈ సేద్యంలో కీలకం. జర్మను నగరాలలో నేడు కొత్తగా నేర్చుకొంటున్న ఈ విద్య మన ఉపఖండానికి పాతది. పందొమ్మిదవ శతాబ్దిలో వంగదేశాన రాజషాహి జిల్లా నవగాఁవ్ ప్రాంతం, నేటి బంగ్లాదేశంలోనిది, ప్రభుత్వ అనుమతితో సాగే గంజాయి సేద్యానికి పేరుమోసింది. అక్కడ పొలం పొలం తిరిగి మగ మొక్కలను గుర్తుపట్టి తీసివేయడమే వృత్తిగా బతికే నిపుణులుండేవారు. వారిని 'పొద్దార్' అని, 'పరఖ్‌దార్' అని పిలిచేవారు; ఆంగ్లేయులు వారికి 'గంజాయి డాక్టర్లు' అని పేరు పెట్టినారు. సర్కారువారి లైసెన్సు, గిడ్డంగి, సుంకం అన్నీ ఆ సేద్యానికి ఉండేవి. పాశ్చాత్యుడు నేడు నియంత్రణ అని కొత్తగా చెబుతున్నది ఈ గడ్డ ఒకప్పుడు చూసి విడిచినదే.

ఆ కాలపు పరిశోధన ఒకటి ఇక్కడ స్మరింపదగినది. గంజాయి వాడకం వల్ల పిచ్చి పెరుగుతున్నదని, నిషేధించవలెనని లండను పార్లమెంటులో మాట వచ్చినందున 1893లో ప్రభుత్వం ఒక కమిషనును వేసింది. ముగ్గురు భారతీయులు సభ్యులుగా ఉన్న ఆ కమిషను వెయ్యిమందికి పైగా సాక్షులను విచారించి 1894లో ఏడు సంపుటాల నివేదిక ఇచ్చింది. మితంగా వాడేవారికి చెప్పుకోదగిన హాని కనిపించలేదని, మితి మీరినవారికి హాని కలుగుతున్నదని, పూర్తి నిషేధం అవసరం లేదని, సేద్యాన్నీ అమ్మకాన్నీ అదుపులో పెట్టి పన్ను వేయడమే యుక్తమని అది తేల్చింది. పిచ్చాసుపత్రుల లెక్కలను తిరిగి పరిశీలించి, గంజాయి వల్లనే పిచ్చి అని రాసిన అనేక నమోదులు ఆధారం లేనివని ఆ కమిషను బయటపెట్టడం మరింత గమనింపదగినది. నూటముప్పై ఏళ్ల కిందట కూడ భయంతో రాసిన లెక్క పరిశీలనకు నిలువలేదు. నేటి ఉపాధ్యాయునికి ఇందులో పాఠమున్నది.

మాటల చరిత్ర కూడ కొంత చెబుతుంది. సంస్కృతంలో ఈ మొక్కకు భంగ, గంజ, విజయ అన్న పేర్లున్నాయి. భంగ శబ్దం అథర్వవేదంలోనే కనిపిస్తుంది. అమరసింహుడు తన నిఘంటువులో భంగను వైశ్యవర్గాన ధాన్యాల నడుమ, అవిసె పక్కన కూర్చుండబెట్టినాడు. అంటే ఆయన దృష్టిలో అది ముందుగా రైతు పంట, నారకూ గింజకూ పనికివచ్చే పైరు. తెలుగు సామెత నాటికి ఆ రైతుపైరు జాడ చెరిగి, మత్తు వాసన మాత్రమే మిగిలింది. ఒక్క మొక్కకు మూడు జీవితాలు: కాడలో నార, గింజలో నూనె, పూగుత్తిలో మత్తు. లినేయసు 1753లో దానికి శాస్త్రనామం పెట్టినప్పుడు యూరపుకు అది ప్రధానంగా ఓడతాళ్ల పైరు. మత్తుకు మూలమైన టి.హెచ్.సి. అనే పదార్థాన్ని ఇజ్రాయెలు శాస్త్రజ్ఞులు మెషులామ్, గావోని విడదీసి చూపినది 1964లో మాత్రమే. మొక్కకు పుణ్యపాపాలు లేవు. అవి దానిని పట్టుకొన్న చేతికి సంబంధించినవి.

చేతి మాట వచ్చింది గనుక మన చట్టం మాట చెప్పుకొనక తప్పదు. 1961 నాటి అంతర్జాతీయ ఒడంబడికను అనుసరించి భారతదేశం 1985లో మాదకద్రవ్యాల చట్టం చేసింది. అది ఆ ఏడు నవంబరు 14న అమలులోకి వచ్చింది. ఆ చట్టం దృష్టిలో గంజాయి అంటే పూతకొన, కాయకొన. కొనలు లేని ఆకునూ గింజనూ ఆ నిర్వచనం నుంచి తప్పించినారు. ఉత్తరదేశాన హోలీనాడు తాగే భంగు ఆ సందులోనే నిలిచింది. కాని మొక్కను సాగు చేయడం వేరే సంగతి. 20వ సెక్షను ప్రకారం అనుమతి లేకుండా గంజాయి మొక్కను పెంచితే పదేళ్ల వరకు కఠినశిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా. ఎండు సరుకు విషయంలో కిలో వరకు స్వల్పమని, 20 కిలోలు దాటితే వాణిజ్యమని మెట్లున్నాయి. సాగు విషయంలో ఆ మెట్లు లేవు. కిటికీలోని ఒక్క కుండీ అయినా, కొండవాలు మీది ఎకరాల తోట అయినా చట్టం ముందు ఒకే సెక్షను కిందికి వస్తాయి. జర్మనీలో మూడు మొక్కలు పెంచిన తెలుగు విద్యార్థి సెలవులకు ఇంటికి వచ్చి మేడమీద ఒక్క మొక్క నాటితే, అక్కడి హక్కు ఇక్కడ నేరమవుతుంది. సముద్రం దాటితే మొక్క మారదు, చట్టం మారుతుంది.

మన నేలమీద గంజాయి కథ కుండీలో జరగడం లేదు. అది విశాఖ మన్యంలో, 2022లో అల్లూరి సీతారామరాజు పేర ఏర్పడిన జిల్లాలో, ఒడిశా సరిహద్దు కొండలలో జరిగింది. పాడేరు, చింతపల్లి ప్రాంతాల కొండవాలులపై బయటి వ్యాపారి విత్తనమూ పెట్టుబడీ ఇచ్చి గిరిజనుని చేత పండించుకొన్నాడు. ఆ సరుకుకు వర్తకులు పెట్టుకొన్న పేరు శీలావతి! శీలం అనే మాటకు ఇంతకంటె అవమానం మరొకటి జరిగి ఉండదు. 2021 చివరలో రాష్ట్ర పోలీసులు 'పరివర్తన' అన్న పేరుతో ఆ తోటలు నరికించినారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర దాదాపు రెండు లక్షల కిలోల గంజాయిని తగులబెట్టినారు. ఆ మంటలో సరుకు కాలింది. దానికి పెట్టుబడి పెట్టినవాడు కాలలేదు. పట్టుబడి జైలుకు పోయేవాడు తరచుగా కొండమీద పండించినవాడో, సంచి మోసినవాడో అవుతున్నాడు. వాణిజ్య పరిమాణం దొరికితే బెయిలు దొరకడం కష్టం. మూట మోసినందుకు ముట్టిన కూలికి పదేళ్ల యవ్వనం చెల్లించవలసి వస్తున్నది.

ఆ మూట మోసేవారిలో కళాశాల విద్యార్థులు కూడ ఉన్నారన్నదే ఉపాధ్యాయలోకాన్ని కలవరపెట్టవలసిన విషయం. మొదట స్నేహితుడు ఇచ్చిన దమ్ము, తర్వాత స్నేహితునికి తెచ్చి ఇచ్చిన పొట్లం, ఆ తర్వాత ఊరు దాటించిన సంచి - ఈ మూడు మెట్లూ ఒకదాని వెంట ఒకటి ఎంత నున్నగా ఉంటాయంటే, ఎక్కడ జారినాడో జారినవానికే తెలియదు. జర్మను చట్టం 'స్నేహితునికి ఊరికే ఇచ్చినా తప్పే' అన్నదెందుకో ఇక్కడ బోధపడుతుంది. కుండీలోని మొక్క కుండీ దాటకుండా చూడడమే ఆ చట్టంలోని అసలు సారం. మన కుర్రవాడు ఆ సారాన్ని విడిచి మొక్కను మాత్రం పట్టుకొన్నాడు.

ఇప్పుడు తరగతి గదిలో ఏమి చెప్పవలెనన్న ప్రశ్న మిగిలింది. ప్రచారంలో రెండు అసత్యాలున్నాయి. ఒకటి: ఒక్క దమ్ము పీల్చినవాడు పిచ్చివాడవుతాడన్నది. రెండు: ఆకే కదా, ప్రకృతి ఇచ్చినదే కదా, దానివల్ల కీడేమున్నదన్నది. మొదటిదానిని పెద్దలు చెబుతున్నారు. రెండవదానిని తోటివారు చెబుతున్నారు. ఒక్క దమ్ము తర్వాత కూడ బుద్ధిగా తిరుగుతున్న స్నేహితుని చూసిన మరుక్షణం పెద్దల అసత్యం చెదిరిపోతుంది. దానితో పాటు పెద్దలు చెప్పిన నిజాలు కూడ చెదిరిపోతాయి. ఇక మిగిలేది రెండవ అసత్యమే. భయపెట్టే బోధన చేసే చేటు ఇదే.

నిజం ఈ రెండింటికీ నడుమ ఉన్నది. అది రెండింటికంటె గట్టిది. ఉమ్మెత్తా గన్నేరూ ప్రకృతి ఇచ్చినవే. వాటి కాయ తిని బతుకుదామని ఎవరూ అనుకోరు. మనిషి మెదడు ఇరవై ఏళ్లు దాటిన తర్వాత కూడ కొన్నేళ్ల వరకు కట్టుబడి పూర్తికాని ఇల్లు వంటిది. ఆ వయసులో తరచుగా గంజాయి తాగేవారిలో జ్ఞాపకమూ ఏకాగ్రతా దెబ్బతినడం, కొందరిలో భ్రాంతులతో కూడిన మానసికవ్యాధి ముప్పు పెరగడం పరిశోధకులు గుర్తించినారు. ఇంట అటువంటి వ్యాధి ఉన్నవారికి ముప్పు మరీ ఎక్కువ. నేటి పూవులో మత్తు పాలు మునుపటి తరాలు ఎరిగినదానికంటె చాల హెచ్చు; 1894 నాటి నివేదికలోని 'మితం' అన్న మాటను నేటి సరుకుకు అన్వయించడం న్యాయం కాదు. అందరికీ కాక కొందరికే హాని అన్నది నిజమే. ఆ కొందరిలో తానుంటాడో లేదో ముందుగా ఎవరికీ తెలియదన్నది అంతకంటె పెద్ద నిజం.

ఇంత విప్పి చెబితే లేని ఆశ పుట్టించినట్లు కాదా అని పెద్దలు కొందరు శంకిస్తారు. శంక సహజమే. కాని ఆశ పుట్టించే పని బజారూ సినిమా ఫోనూ ఇదివరకే చేసి ముగించాయి. దానికి ఎదురుగా బడి మౌనం వహిస్తే కాపాడినట్లు కాదు, విడిచిపెట్టినట్లవుతుంది. వైద్యప్రయోజనం ఉన్నదన్న మాటను దాచవలసిన పని కూడ లేదు. 2020 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల కమిషను గంజాయిని అతి కఠినమైన పట్టిక నుంచి తొలగించినప్పుడు భారతదేశం అందుకు అనుకూలంగానే ఓటు వేసింది. మందు వైద్యుడు కొలిచి ఇచ్చేది. మత్తు స్నేహితుడు కొలవకుండా ఇచ్చేది. ఈ ఒక్క వాక్యంతో ఆ తేడాను ఏడవ తరగతి పిల్లవానికైనా బోధించవచ్చును.

జీవశాస్త్రం చెప్పేవాడు ఆడ మగ మొక్కల భేదం, రాత్రి పొడవుకూ పూతకూ ఉన్న సంబంధం చెప్పినప్పుడు చేమంతితో పాటు గంజాయినీ పేర్కొనవచ్చును. సాంఘికశాస్త్రం చెప్పేవాడు ఒకే చర్య ఒకచోట హక్కు, మరొకచోట నేరం ఎట్లా అవుతుందో ఈ కుండీ ఆధారంగా వివరించవచ్చును. తెలుగు చెప్పేవాడు సామెతతో మొదలుపెట్టవచ్చును. అన్నిటికంటె ముందుగా, ఇప్పటికే జారిన పిల్లవానికి దారి ఉన్నదని చెప్పవలెను. వ్యసనపరుడు స్వచ్ఛందంగా చికిత్సకు ముందుకు వస్తే, వాడకమూ స్వల్ప పరిమాణమూ విషయంలో విచారణ నుంచి రక్షణ పొందే వీలును మన చట్టమే 64-ఎ సెక్షనులో ఉంచింది. ప్రభుత్వపు 14446 నంబరుకు ఉచితంగా ఫోను చేసి సలహా పొందవచ్చును. శిక్ష సంగతి గోడమీద రాసే బడులున్నాయి. ఈ తలుపు సంగతి రాసే బడులు కూడ ఉండవలెను.

చట్టం మారవలెనా అన్న చర్చకు తలుపు మూయనక్కరలేదు. ఒక్క కుండీకీ కొండవాలుకూ ఒకే సెక్షను ఉండడం సబబా, మూట మోసినవానికి పడే శిక్ష పెట్టుబడి పెట్టినవానికి పడుతున్నదా, కాఫీ మిరియం పసుపు పండించే మన్యపు రైతుకు న్యాయమైన ధర దొరికితే వ్యాపారి అప్పు ఎవరికి కావలెను - ఇవన్నీ పౌరులు అడుగవలసిన ప్రశ్నలు. ఉత్తరాఖండ్ రాష్ట్రం మత్తు అత్యల్పంగా ఉన్న నారరకాన్ని 2018లో అనుమతించి అమరసింహుని నాటి రైతుపైరుకు తిరిగి దారి తీసింది. అటువంటి ఆలోచన మనకూ అవసరమే. కాని చట్టాన్ని మార్చుకొనడం శాసనసభలో జరగవలసిన పని. మేడమీద కుండీలో జరిగేది కాదు.

సామెత చెప్పినవారు గంజాయి వనంలోనైనా తులసి తులసిగానే నిలువగలదని నమ్మినవారు. పిల్లవాని చుట్టూ ఉన్న వనాన్నంతటినీ నరికివేయడం ఏ ఉపాధ్యాయునికీ సాధ్యం కాదు. ఆ వనంలో నిలువగల వేరును వానికి ఇవ్వడం సాధ్యం. ఆ వేరు భయంతో దిగదు, నిజంతోనే దిగుతుంది.